ట్రంపెట్ అంటే వాయిద్యం ఒక్కటేనా? హంస, చేప, పువ్వు, పుట్టగొడుగు... అన్నిటికీ ఇదే పేరు

అచ్చుతప్పు
పిల్లల విజ్ఞాన సర్వస్వం ఒకటి తెలుగులోకి వస్తోంది, ప్రూఫులు నేను చూస్తున్నాను. "ట" అక్షరం దగ్గర బండి ఆగిపోయింది. ట్రంపెట్ అనే మాట కింద ఇంగ్లీషు మూలంలో వాయిద్యం ఉంది, తీగమొక్క ఉంది, హంస ఉంది, సముద్రపు నత్త ఉంది, చేప ఉంది, పుట్టగొడుగు ఉంది, ఏనుగు అరుపు ఉంది. వెనకటి రోజుల్లో వినికిడి తగ్గినవాళ్లు చెవికి పెట్టుకున్న గొట్టం కూడా ట్రంపెటేనట. మా ఎడిటర్ గారు అన్నిచోట్లా "బాకా" అని పెట్టేయమన్నారు. ఇప్పుడు నా ముందున్న పేజీలో బాకా హంస, బాకా చేప, బాకా పుట్టగొడుగు వరసగా కూర్చున్నాయి. చదివే పిల్లలకి ఏం అర్థమవుతుంది? అసలు ఇన్నిటికి ఈ పేరు ఎందుకొచ్చింది, ఆకారం చూసా, మోత వినా? శుక్రవారానికి పేజీలు వెళ్లిపోవాలి, టెన్షన్‌గా ఉంది.

గాలిగొట్టం
ఆకారమే. ఒక చివర సన్నగా ఉండి రెండో చివర విచ్చుకుంటే చాలు, ట్రంపెట్ అనేస్తారు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

అడవిదారి
మరి ఏనుగు అరుపుకి ఆకారం ఎక్కడిదండీ?

గాలిగొట్టం
తొండం ఉంది కదా!

మూడుమీటలు
నేను ట్రంపెట్ వాయిస్తాను, వాయిద్యం వైపు నుంచి చెబుతాను. ఆకారం చూసి పువ్వుకి పేరు పెట్టొచ్చు గానీ వాయిద్యాన్ని గుర్తుపట్టలేం. సన్నాయికి చివర విచ్చుకున్న మూతి ఉంటుంది, క్లారినెట్‌కీ ఉంటుంది. అవి ట్రంపెట్లు కావు. వాటిలో అదిరేది రీడు, అంటే పల్చటి రెల్లు బద్ద. ట్రంపెట్‌లో అదిరేది వాయించేవాడి పెదవి. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

పెదవులు బిగించి మధ్యలోంచి గాలి వదిలితే అవి ఒకదానికొకటి కొట్టుకుంటాయి. మౌత్‌పీస్ ఒక్కటే చేత్తో పట్టుకుని ఊదితే సీసాలో చిక్కుకున్న ఈగలా జుంయ్‌మంటుంది, అంతే. అదే మౌత్‌పీస్‌ని గొట్టానికి తగిలించి ఊదితే ఆ జుంయ్‌లోంచి నిఖార్సయిన స్వరం బయటికొస్తుంది. ఎందుకంటే గొట్టం తన పొడవుకి సరిపడే స్వరాలను మాత్రమే నిలబెడుతుంది, మిగతావాటిని జారగొడుతుంది. మామూలు బీ ఫ్లాట్ ట్రంపెట్‌లో చుట్టిన గొట్టాన్ని సాగదీస్తే దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. పెదవి బిగువు మార్చుకుంటూ పోతే ఏ మీటా నొక్కకుండానే మెట్లు మెట్లుగా అరడజను స్వరాలు పలుకుతాయి. బ్యూగిల్ కూతలన్నీ ఈ కొద్ది స్వరాలతోనే కట్టినవి, బ్యూగిల్‌కి మీటలు ఉండవు కదా.

ఈ లెక్కన శంఖం ట్రంపెట్ జాతిదే. రంధ్రం దగ్గర పెదవి బిగించి ఊదుతాం, పెదవే అదురుతుంది. కాబట్టి మీ పేజీలో సముద్రపు నత్తకి ఆ పేరు న్యాయంగానే వచ్చింది. దాని మొన విరగ్గొట్టి ఊదేవాళ్లు.

పాతరాగి
మూడుమీటలు గారి మాటకి సాక్ష్యం ఉంది. ఫ్రాన్సులో మార్సులా గుహలో 1931లో ఒక పెద్ద నత్తగుల్ల దొరికింది. దశాబ్దాలపాటు దాన్ని నీళ్లు తాగే పాత్ర అనుకుని మ్యూజియంలో పెట్టారు. 2021లో మళ్లీ పరిశీలిస్తే మొన కావాలని విరిచినట్టు, లోపల రంధ్రం చేసినట్టు తేలింది. వయసు సుమారు 18,000 ఏళ్లు. ఒక సంగీతకారుడి చేత ఊదిస్తే మూడు స్వరాలు పలికింది. అదీ మీ పేజీలోని సముద్రపు నత్త జాతి గుల్లే, శాస్త్రీయంగా కరోనియా అంటారు.

అచ్చుతప్పు
ఇది బాగుంది, పెట్టెలో వేసుకుంటాను. అయితే నత్త నిజంగానే ట్రంపెట్. మిగతావాటి సంగతి?

మొక్కలపిచ్చి
మొక్కల పేజీ ఎవరు రాశారో గానీ ఒక్క విషయం చూడండి. ట్రంపెట్ పేరుతో మూడు రకాలు తిరుగుతున్నాయి, కలిపేస్తే ప్రమాదం. ఎర్రటి గొట్టపు పువ్వులు పూసే తీగ కాంప్సిస్ రాడికన్స్. ఉత్తర అమెరికాది, హమ్మింగ్ పక్షులు దానికోసం వస్తాయి. తలకిందులుగా వేలాడే పెద్ద పువ్వుల బ్రగ్‌మాన్సియాని దేవదూత ట్రంపెట్ అంటారు. పైకి చూసే పువ్వుల దతూరాని, అంటే మన ఉమ్మెత్తని, దెయ్యం ట్రంపెట్ అంటారు.

పేరులో దేవదూత ఉందని మోసపోవద్దు. రెంటిలోనూ అట్రోపిన్, స్కోపొలమైన్ ఉంటాయి. ఆకు, పువ్వు, గింజ, అన్నీ విషమే. మా తమ్ముడు బ్రగ్‌మాన్సియా కొమ్మలు కత్తిరించి అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఒక కంటి పాప మాత్రం విచ్చుకుపోయి చూపు మసకబారింది. ఇంట్లో అందరం హడలిపోయాం. డాక్టరు చూడగానే "ఏ మొక్క ముట్టుకున్నావు?" అని అడిగారు. పిల్లల పుస్తకం కాబట్టి ఆ విషయం బొమ్మ పక్కనే పెద్ద అక్షరాల్లో వేయించండి, దయచేసి.

అచ్చుతప్పు
వేయిస్తాను. మూలంలో ఆ హెచ్చరిక అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

గాలిగొట్టం
చూశారా, పువ్వులన్నీ ఆకారం వల్లే. నా మాటే నెగ్గింది.

మొక్కలపిచ్చి
పుట్టగొడుగు కూడా మీ ఖాతాలోనే వేసుకోండి. క్రాటెరెల్లస్ అని నల్లగా గరాటులా ఉంటుంది. తమాషా ఏమిటంటే ఫ్రెంచివాళ్లు దాన్ని "మృత్యు ట్రంపెట్" అంటారు, అది మాత్రం శుభ్రంగా తినదగ్గది! దేవదూత పేరున్నది విషం, చావు పేరున్నది ఆహారం. పేరు చూసి నోట్లో పెట్టుకోకూడదని పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి జంట దొరకదు.

చెవిముక్కుగొంతు
మీ జాబితాలో శరీరం లేదు. చెవి లోపలి నుంచి ముక్కు వెనక, గొంతు పైభాగంలోకి దిగే సన్నటి గొట్టం ఉంది కదా, విమానం దిగేటప్పుడు దిబ్బడ వేసి గుటక వేస్తే తెరుచుకునేది. యూస్టేషియన్ ట్యూబ్. లాటిన్‌లో దాని పేరు ట్యూబా. ట్యూబా అంటే రోమన్ల తిన్నటి ట్రంపెట్. గర్భాశయం పక్కనుండే నాళాలకీ అదే పేరు, 1561లో ఇటలీ శరీరశాస్త్రవేత్త ఫల్లోపియో వాటి చివర విచ్చుకున్న తీరు చూసి ట్రంపెట్‌తో పోల్చాడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ట్యూబా కాస్తా ట్యూబ్ అయిపోయింది, పోలిక మాయమైంది. ఫ్రెంచిలో మాత్రం ఇప్పటికీ "ట్రోంప్" అనే అంటారు.

ఇంకొకటి. బుగ్గలో ఉండే పల్చటి కండరం పేరు బక్సినేటర్. అంటే లాటిన్‌లో ట్రంపెట్ ఊదేవాడు. బుగ్గల్ని పళ్లకి ఆనించి నొక్కి ఉంచేది అదే. నమిలేటప్పుడు, ఊదేటప్పుడు, ఈల వేసేటప్పుడు పనిచేస్తుంది. అంటే ట్రంపెట్ ముట్టుకోనివాళ్ల మొహంలో కూడా ఇద్దరు ట్రంపెట్‌వాళ్లు కాపురం ఉంటున్నారు.

అడవిదారి
హంస శాస్త్రీయ నామం కూడా అదేనండీ! సిగ్నస్ బక్సినేటర్. ఉత్తర అమెరికా హంస. ఇది మాత్రం ఆకారం కాదు గాలిగొట్టం గారూ, గొంతు. దాని శ్వాసనాళం తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోదు, రొమ్ము ఎముకలోకి దూరి లోపల చుట్ట తిరిగి వెనక్కి వస్తుంది. గొట్టం పొడుగైతే గొంతు బొంగురుగా, గట్టిగా వస్తుంది. ఇత్తడి గొట్టాన్ని చుట్టలు చుట్టి చేసే వాయిద్యం పేరు దీనికి లోపలా బయటా సరిపోయింది.

గాలిగొట్టం
సరే, హంస ఒప్పుకున్నాను. చేప నాది. చూశాను, మూతి పొడుగ్గా గొట్టంలా ఉంది.

అడవిదారి
చేప మీదే. ఆలోస్టోమస్. పగడాల మధ్య తల కిందకి పెట్టి నిలువుగా కర్రలా ఆగిపోతుంది, చిన్న చేప దగ్గరికి రాగానే మూతి తెరిచి లోపలికి లాగేస్తుంది. దాని శబ్దం చూసి పెట్టిన పేరు కాదు.

ఏనుగు సంగతి మాత్రం తేలికగా తీసెయ్యకండి. ఘీంకారాన్ని ఇంగ్లీషులో ట్రంపెట్ అంటారు, ఫ్రెంచిలో తొండాన్నే ట్రోంప్ అంటారు. కానీ పెదవితో వాయించే పని ఏనుగు చేసేది వేరే చోట. 2021లో ఆసియా ఏనుగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. అవి భయపడినప్పుడు, కంగారుపడినప్పుడు కీచుమని సన్నటి అరుపు అరుస్తాయి. అంత పెద్ద స్వరపేటికతో అంత సన్నటి కీచు ఎలా వస్తుందని శబ్దాన్ని కంటికి కనిపించేలా చూపే కెమెరాలతో గమనిస్తే, బిగించిన పెదవుల మధ్య నుంచి గాలి నెట్టి పుట్టిస్తున్నాయని తేలింది. అచ్చం మూడుమీటలు గారు చెప్పినట్టే.

మూడుమీటలు
ఇది నాకు కొత్త. రేపు మా బృందంలో అందరికీ చెప్పాల్సిందే!

నిద్రలేదు
అందరూ మీటలు మీటలు అంటున్నారు. మూడే మీటలు ఉంటే అన్ని స్వరాలు ఎలా పలుకుతాయి? మా పైఇంటి అబ్బాయి రాత్రి తొమ్మిది దాటాక కూడా ఊదుతాడు, మూడు వేళ్లే ఆడుతుంటాయి. విని విని నాకు ఈ సందేహం వచ్చింది.

మూడుమీటలు
ప్రతి మీటా నొక్కితే గొట్టానికి ఇంకో ముక్క అతుక్కుంటుంది. రెండోది అర స్వరం దింపుతుంది, మొదటిది ఒక పూర్తి స్వరం, మూడోది ఒకటిన్నర. కలిపి నొక్కితే ఆ మేరకు ఇంకా దిగుతుంది. ఒకటీ రెండూ కలిపినా మూడోది ఒక్కటీ నొక్కినా దాదాపు ఒకే ఫలితం, కాబట్టి ఎనిమిది అమరికల్లో పనికొచ్చే పొడవులు ఏడు. ప్రతి పొడవుకీ దాని మెట్ల వరస దానికి ఉంటుంది. వేలు పొడవుని ఎంచుకుంటుంది, ఆ వరసలో ఏ మెట్టు అనేది పెదవి ఎంచుకుంటుంది. ఒకే వేళ్ల అమరికలో ఐదారు స్వరాలు ఉంటాయి కాబట్టి వేళ్లు చూసి ఏం వాయిస్తున్నాడో చెప్పలేం.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఒకటీ మూడూ కలిపి నొక్కితే అతికిన ముక్కల పొడవు లెక్కకి కొంచెం చాలదు, స్వరం పైకి పోతుంది. అందుకే మూడో మీట గొట్టానికి వేలు దూర్చే రింగు ఉంటుంది. ఆ స్వరం వచ్చే క్షణంలో ఎడమచేతి వేలితో గొట్టాన్ని బయటికి జరుపుతాం. వినేవాళ్లకి తెలియదు గానీ బాగా వాయించేవాళ్ల ఆ వేలు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది.

పైఇంటి అబ్బాయికి ప్రాక్టీస్ మ్యూట్ కొనుక్కోమని చెప్పండి. మూతిలో బిగిస్తే శబ్దం బాగా తగ్గిపోతుంది.

నిద్రలేదు
నేనే కొనిస్తాను.

పాతరాగి
మీటలు రాకముందు సంగతి కూడా పిల్లలకి చెప్పాలి. 1814 ప్రాంతంలో స్టోల్‌ట్సెల్ అనే జర్మన్ వాద్యకారుడు వాల్వు, అంటే ఈ మీటల ఆలోచన తెచ్చాడు, 1818లో బ్లూమెల్‌తో కలిసి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు వాడే పిస్టన్ రూపం 1839లో పారిస్‌లో పెరినే చేతిలో కుదురుకుంది. అంతకుముందు ట్రంపెట్ అంటే వట్టి గొట్టం, రెండు మీటర్లు దాటి ఉండేది. కింది స్వరాల్లో మెట్లు దూరదూరంగా ఉంటాయి, పాట కట్టడానికి లేదు. పైకి వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. బాక్ కాలంలో ఆ పై అంతస్తులో వాయించడంలో ఆరితేరినవాళ్లు ఉండేవాళ్లు. దాన్నే క్లారినో అనేవారు. వాళ్ల దర్జా కూడా అంతే ఉండేది. పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో 1623లో ట్రంపెట్, నగారా వాద్యకారులకి చక్రవర్తి అనుమతితో సంఘం ఏర్పడింది, బయటివాళ్లు ఎవరుపడితే వాళ్లు ఊదడానికి లేదు.

వట్టి గొట్టానికీ వాల్వులకీ మధ్యకాలపు అద్భుతం, స్వరకర్త హైడన్ 1796లో రాసిన ట్రంపెట్ కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ట్రంపెట్ వాయించే రచన. అప్పటికి వాల్వులు లేవు. వైడింగర్ అనే వాద్యకారుడు గొట్టానికి రంధ్రాలు పెట్టి వాటిపై మూతలు అమర్చుకున్నాడు. వట్టి గొట్టం పలకలేని కింది స్వరాల్లో హైడన్ వరుసగా, నింపాదిగా రాగం నడిపించాడు. 1800లో వియన్నాలో విన్నవాళ్లకి ట్రంపెట్ కింది స్థాయిలో పాడటం కొత్త అనుభవం అయ్యుంటుంది. తర్వాత వాల్వులొచ్చి ఆ మూతల ట్రంపెట్ వాడుకలోంచి పోయింది, కన్చెర్టో మాత్రం నిలిచింది. ఇప్పటికీ ప్రతి ట్రంపెట్ విద్యార్థీ ఆ గుమ్మం దాటాల్సిందే.

పదాలపెట్టె
క్లారినో అన్నారు కాబట్టి అందుకుంటున్నాను. క్లారినెట్ పేరు దాన్నుంచే పుట్టింది. కొత్తగా వచ్చిన రీడు వాయిద్యం పై స్వరాలు దూరం నుంచి ట్రంపెట్‌లా వినిపించేవని "చిన్న క్లారినో" అన్నారు. ట్రాంబోన్ అంటే ఇటాలియన్‌లో పెద్ద ట్రంపెట్. రోమన్ల తిన్నటి ట్యూబా పేరు ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని వాయించే భారీ వాయిద్యానికి పోయింది. ఇటలీలో సుడిగాలిని "గాలి ట్రంపెట్" అంటారు, స్పెయిన్‌లో కుండపోత వానకి ట్రోంబా అని పేరు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది ట్రోంబా మరీనా. పేరుకి సముద్రపు ట్రంపెట్. చూస్తే మనిషంత ఎత్తుండే చెక్క పెట్టె, దానికి ఒకే తీగ, కమానుతో వాయిస్తారు! తీగని మోసే చిన్న చెక్కముక్కకి (గుర్రం అంటారు) ఒక కాలు వదులుగా ఉంటుంది, తీగ కదిలినప్పుడల్లా ఆ కాలు చెక్కమీద టకటకలాడి ఇత్తడి మోతలాంటి బరబర పుట్టిస్తుంది. జర్మన్‌లో దీనికి సన్యాసినుల ట్రంపెట్ అని కూడా పేరు, క్రైస్తవ మఠాల్లో స్త్రీలు వాయించేవారు.

శూన్యం
గణితం వాళ్లని మర్చిపోయారు. ఇటలీ గణితవేత్త టోరిచెల్లి 1640ల్లో ఒక ఆకారం గురించి రాశాడు, గేబ్రియల్ ట్రంపెట్ అంటారు. y = 1/x వక్రరేఖని ఒకటి దగ్గర మొదలుపెట్టి అనంతం దాకా అక్షం చుట్టూ తిప్పాలి. లోపలి ఘనపరిమాణం సరిగ్గా π (పై, సుమారు 3.14). ఉపరితలం మాత్రం అనంతం. లోపల రంగు నింపొచ్చు, గోడకి రంగు వేయడానికి మాత్రం ఎంత తెచ్చినా చాలదు.

నిద్రలేదు
దాన్ని పైఇంటి అబ్బాయికి చూపించకండి.

గాలిగొట్టం
కార్నెట్ సంగతేమిటి? అదీ ట్రంపెటే కదా, పొట్టిగా చేశారు.

మూడుమీటలు
కాదు. గొట్టం పొడవు రెంటికీ ఒకటే, కార్నెట్‌ని ఇంకా బిగించి చుట్టారు. తేడా లోపలి వెడల్పులో ఉంది. ట్రంపెట్ గొట్టం చాలా దూరం ఒకే వెడల్పుతో నడిచి చివర్లో విచ్చుకుంటుంది, కార్నెట్ మొదటి నుంచీ క్రమంగా వెడల్పవుతుంది. అందుకే దాని గొంతు మెత్తన. జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలుపెట్టింది కార్నెట్‌తోనే, ట్రంపెట్‌కి మారింది 1920ల నడిమిలో.

గాలిగొట్టం
రికార్డింగులో నాకు తేడా తెలియలేదు.

మూడుమీటలు
పాత రికార్డింగుల్లో తెలియకపోవచ్చు. ఎదురుగా కూర్చుని ఒకరిచేతే రెండూ వాయించి వినండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అమ్మానేనూ
పేర్ల చర్చలోకి దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబు ట్రంపెట్ నేర్చుకుంటున్నాడు, పళ్లకి క్లిప్పులు వేశారు. పెదవి లోపల కోసుకుంటోంది, ఊదనంటున్నాడు. మాన్పించాలా?

చెవిముక్కుగొంతు
మాన్పించనక్కర్లేదు. క్లిప్పుల మీద అద్దుకునే మైనం ఉంటుంది, పళ్ల డాక్టరుని అడగండి. పుండు మానేదాకా విరామం ఇవ్వండి.

మూడుమీటలు
పై స్వరాలు కొన్నాళ్లు పక్కన పెట్టమనండి. పైకి వెళ్లాలని పిల్లలు మౌత్‌పీస్‌ని మూతికేసి అదిమేస్తారు, కోసుకునేది అందువల్లే. కింది స్వరాలు, పొడుగు ఊపిరి, కొద్దికొద్దిగా రోజూ. క్లిప్పులు తీసినరోజు కూడా మళ్లీ కొన్నాళ్లు తడబడతాడు, బెంగపడొద్దని ముందే చెప్పండి.

అమ్మానేనూ
చాలా థాంక్సండీ. ఇంకొకటి, దాంట్లోంచి ఉమ్మి కారుతుంది, నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మూడుమీటలు
అందులో చాలావరకు ఊపిరిలోని ఆవిరి. వెచ్చటి గాలి చల్లటి ఇత్తడికి తగిలి నీరవుతుంది. కింద చిన్న మీట నొక్కి ఊదితే బయటికి పోతుంది. కింద పాత గుడ్డ వేయండి.

పాతరాగి
ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన రెండు ట్రంపెట్ల గురించి ఎవరూ అనలేదేం? ఒకటి వెండిది, ఒకటి కంచుది. 1939లో బీబీసీ వాటిని ఊదించి ప్రసారం చేసింది. కంచుది 2011 అల్లర్లలో కైరో మ్యూజియం నుంచి పోయి తర్వాత తిరిగొచ్చింది.

నిద్రలేదు
అవి ఊదితే యుద్ధం వస్తుందంటారు కదా. 1939లో ఊదారు, ప్రపంచయుద్ధం వచ్చింది.

పాతరాగి
ఆ కథ పిల్లల పుస్తకంలోకి మాత్రం రానివ్వకండి. ఆ ఏడాది యూరప్ అప్పటికే యుద్ధం అంచున ఉంది, మార్చిలోనే జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి దిగింది. మూడువేల ఏళ్లు దాటిన పల్చటి రేకుని గాలి ఒత్తిడికి గురిచెయ్యడమే అసలు ఘోరం. మళ్లీ ఊదకూడదనడానికి ఆ కారణం చాలు.

అచ్చుతప్పు
ఎడిటర్ గారితో మాట్లాడాను. వాయిద్యానికి ట్రంపెట్ అనే ఉంచుతామన్నారు. వినికిడి తగ్గినవాళ్లు పెట్టుకున్న గొట్టం పక్కన స్వరకర్త బీథోవెన్ వాడినవాటి బొమ్మ వేస్తాం, మేల్‌ట్సెల్ అనే ఆయన చేసిచ్చినవి జర్మనీలోని బాన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. హంసకి "బాకా" ఒద్దని గట్టిగా చెప్పాను.

పదాలపెట్టె
వాయిద్యానికి కాహళం పెట్టొచ్చు కదా, చక్కటి పాత మాట.

మొక్కలపిచ్చి
పిల్లలు నోరు తిరక్క చస్తారు. బాకా అంటే ఇప్పుడు ఎవరినో పొగడటమే గుర్తొస్తుంది, కాబట్టి అదీ వద్దు. ట్రంపెట్ అందరికీ తెలుసు.

పదాలపెట్టె
తెలుగు బైబిల్లో "బూర" ఉంది, పిల్లలకి నోరు తిరుగుతుంది. అయినా ట్రంపెట్‌కి ఓటేస్తాను. కాహళాన్ని కనీసం వ్యాసంలో ఒకచోట వాడండి.

అచ్చుతప్పు
వాడతాను. హంసకి "కాహళ హంస" ఎలా ఉంటుంది?

అడవిదారి
దానికి భలే కుదిరింది.

అచ్చుతప్పు
ఇక మిగిలింది ట్రోంబా మరీనా. ఇత్తడి వాయిద్యాల పేజీలో వేయాలా, తీగ వాయిద్యాల్లోనా?

పదాలపెట్టె
తీగల్లో. కమాను పట్టుకున్న మనిషి బొమ్మ తప్పకుండా వేయండి. లేకపోతే ఎవరూ నమ్మరు.